అడవిలో స్టీలు డబ్బా

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. భద్రాచలం అడవి అంచున నువ్వు దాచిన జియోకాష్ డబ్బా, అదే, ఫోన్లో గుర్తులు చూసి వెతుక్కునే ఆటలోది, చూసొద్దామని వెళ్లాను. అందులోంచి ఒక వస్తువు తీసుకున్నవాళ్లు అంతకన్నా మంచిది పెట్టాలని నీ పంతం. జనమేమో షాంపూ ప్యాకెట్లు, తుప్పు పట్టిన కీచైన్లు పెడుతున్నారని తిట్టుకునేవాడివి.

రాళ్ల సందులో నీ ప్లాస్టిక్ డబ్బా లేదు. మెరిసే స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. చెయ్యి చాపానో లేదో, ఇప్పపూలు ఏరుతున్న ఒక అవ్వ కేక పెట్టింది.

"ముట్టకు బిడ్డా! బాంబులు గట్ల టిఫిన్ డబ్బాలల్లనే పెడ్తరు. జల్దీ ఇటు రా!"

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. లోపలున్నది బయటికి కనబడే డబ్బానే పెట్టాలని నువ్వెందుకు అనేవాడివో అప్పుడు అర్థమైంది. అంతలో మూత మీద నీ చేతిరాత కనిపించింది. పాత డబ్బా మీది కాగితాన్నే ఎవరో ఊడదీసి అతికించారు.

కళ్లు మూసుకుని మూత లాగాను. నువ్వు చెక్కిన కొయ్యపిట్ట, పగిలిన నీ ప్లాస్టిక్ మూత పొడిగుడ్డలో చుట్టి ఉన్నాయి. పిట్ట తడవకూడదని ఎవరో తమ అన్నం డబ్బా వదిలిపోయారు.

అది ఎంత మంచి డబ్బా అయినా, చూసినవాళ్లు బాంబని జడుసుకునే చోట ఉంచే ధైర్యం నాకు లేదన్నా. పిట్టను నా ప్లాస్టిక్ లంచ్ బాక్సులో పెట్టి, స్టీలు డబ్బా ఇంటికి తెచ్చాను.

తీసుకున్నదానికన్నా తక్కువదే పెట్టాను. తిట్టు.

నీ చెల్లి