‘చూశాం’ అంటే ఏమిటి?

సర్వీసు యార్డు,
సోమవారం.

చిరంజీవి పిచ్చుకకు మావయ్య దీవెనలతోనూ, కొంచెం వణుకుతోనూ రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. అంటే, శనివారం సాయంత్రం దాకా క్షేమం. మీ హెడ్డాఫీసు వ్యాను స్పేరు పార్టులతో పాటు ఒక కాగితం కూడా దించి పోయింది. “యార్డు రిజిస్టర్లలో వాడుతున్న మాటలన్నీ, వాటి అర్థాలతో సహా, నెలాఖరులోగా అప్పగించవలెను” అని ఉంది. ఎవరబ్బా ఈ కసాయి అని కింద సంతకం చూద్దును కదా, నీది!

భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మేనమామనే దొరికానా నీకు?

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ కంపెనీ లిఫ్టు ఎక్కడ ఆగినా, ఎక్కడ మూలిగినా నా రిజిస్టర్లోకే ఎక్కుతుంది. అందులో మాటలు మేం పెట్టుకున్నవే. ‘పడుకుంది’ అంటే పూర్తిగా ఆగిపోయింది. ‘అలిగింది’ అంటే మీట నొక్కితే ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ‘పెళ్లికూతురు’ అంటే లోపల పాత మిషనే, పైన కొత్త రంగు. మెకానిక్కులు తలా ఒక ముక్క ఎరుగుదురు గాని, మొత్తం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. మాటలన్నీ మీకు అప్పగించేశాక నాతో ఏం పని? పిండేసిన నిమ్మచెక్కను ఎవరు దాచుకుంటారు?

ఫోన్ చెయ్యకు. ఫోన్లో మాట్లాడినవి కూడా మీ కేటలాగులోకి పోతాయని మా ఫోర్‌మన్ చెప్పాడు. ఏదైనా ఉంటే వ్యాను డ్రైవరు చేతికి ఉత్తరం ఇయ్యి.

ఇట్లు,
నోరు కుట్టేసుకున్న నీ మావయ్య.

తా.క.: పైన మూడు మాటలకి అర్థం పొరపాటున రాసేశాను. చదవనట్టు ఉండు.


హెడ్డాఫీసు, ఏడో అంతస్తు,
బుధవారం.

మావయ్యకు పిచ్చుక నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత నాకూ భయమేసింది, ఎందుకంటే ఇక్కడ నా పరిస్థితి నీకంటే మెరుగ్గా ఏం లేదు.

పోయిన నెల మీటింగులో మా ఎండీ సారు ఒకటే ప్రశ్న అడిగాడు. “మన లిఫ్టుల్లో ఇవాళ ఎన్ని నడుస్తున్నాయి?” సేల్సువాళ్లు తొమ్మిదొందలన్నారు. సర్వీసువాళ్లు ఎనిమిదొందల నలభై అన్నారు. ఫిర్యాదులు తీసుకునే అమ్మాయి లేచి ఆరొందల పది అంది. ముగ్గురూ కాగితాలు చూపించారు, ముగ్గురిదీ నిజమే. ‘నడవడం’ అంటే ఒక్కొక్కళ్లకీ ఒక్కో అర్థం! సారు కోపంగా అరిచినా బాగుండేది. అరవలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నావైపు చూసి, “మూడు నెలలు ఇస్తాను” అన్నాడు. ఆ తర్వాత ఏమిస్తాడో చెప్పలేదు.

అందుకే ఈ పని. కేటలాగు అంటే ఏ సమాచారం ఏ రిజిస్టర్లో ఉందో చెప్పే జాబితా. గ్లాసరీ అంటే ఏ మాటకి ఏ అర్థమో తేల్చే పట్టిక. నీ కుర్చీకి వచ్చిన ప్రమాదమేమీ లేదు. పైగా ‘పడుకుంది’ అనే మాటకి నిన్నే ఓనరుగా వేశాను. నీకు సాయంగా మీరు స్పానర్ అని పిలిచే మెకానిక్‌ను సంరక్షకుడిగా పెట్టాను. ఇద్దరికీ కాగితాలు వస్తాయి.

అత్తను అడిగానని చెప్పు.

నీ
పిచ్చుక.

తా.క.: ఆ మూడు మాటలూ అప్పుడే ఎక్కించేశాను. ‘పెళ్లికూతురు’ చూసి సేల్సు మేనేజరు రెండు రోజులుగా మొహం మాడ్చుకున్నాడు.


సర్వీసు యార్డు,
శుక్రవారం.

పిచ్చుకా,

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. కాగితం వచ్చింది. “పడుకుంది: ఓనరు, యార్డు రిజిస్టరు గుమాస్తా” అట! నగరంలో పడుకున్న ప్రతి లిఫ్టుకీ నేనా ఓనరుని? నిన్న మధ్యాహ్నం ఒక బట్టలకొట్లో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగి ఆరుగురు ఇరుక్కున్నారు. ఫోర్‌మన్ ఫోనెత్తి, “ఉండండి, ఓనరుగారికిస్తాను” అని రిసీవరు నా చేతిలో పెట్టాడు. అవతల ఒకావిడ నా వంశాన్నంతా తిట్టింది. “క్షమించండమ్మా, నాకు ఇవాళ పొద్దున్నే ఇచ్చారు” అన్నాను.

ఇక ఆ సంరక్షకుడు. స్పానర్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నప్పటినుంచీ నన్ను వదలడం లేదు. మెట్లు దిగుతుంటే మోచెయ్యి పట్టుకుంటున్నాడు. టీ తను ఒక గుక్క తాగి, వేడి చూసి ఇస్తున్నాడు. పొద్దున మెల్లగా చెవి దగ్గరికొచ్చి, “సార్, ఏమన్నా మరిచిపోతున్నట్టు అనిపిస్తే ముందు నాకే చెప్పండి” అన్నాడు. నాకు మతి తప్పిందని హెడ్డాఫీసులో ఎవరన్నా చెప్పారా? నిజం చెప్పవే. తట్టుకుంటాను. తట్టుకోలేను గాని, చెప్పు.

ఇట్లు,
నీ మావయ్య (ఓనరు).

తా.క.: మీ అత్త మాత్రం, “పోన్లే, ఇన్నాళ్లకి ఒకదానికన్నా ఓనరువయ్యావు” అంది.


హెడ్డాఫీసు,
సోమవారం.

మావయ్యకు నమస్కారాలు.

ఓనరు అంటే లిఫ్టుకి కాదు, మాటకి! ఆ మాటకి అర్థం ఏమిటని ఎవరన్నా అడిగితే జవాబు చెప్పేవాడు, అంతే. స్పానర్ కాపలా కాయాల్సింది ఆ అర్థాన్ని, నిన్ను కాదు. వాడికి విడిగా ఉత్తరం రాశాను. నీ టీ నువ్వే తాగు.

ఇక అసలు పని. నీ రిజిస్టర్లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించే మాట ‘చూశాం’. ఈ మూడు నెలల్లో రెండొందల పద్నాలుగు లిఫ్టుల ఎదురుగా అదే ఉంది. దానికి మేం ‘తనిఖీ పూర్తయింది, ఏ లోపమూ లేదు’ అని అర్థం రాసుకున్నాం. ఇన్నేళ్లుగా ఇక్కడ అందరూ అలాగే లెక్కేస్తున్నారట. ఒక సంతకం పెట్టి పంపేస్తే నా పని సగం అయినట్టే.

నీ
పిచ్చుక.

తా.క.: మా ఆఫీసు లిఫ్టు ఎదురుగా కూడా ‘చూశాం’ అనే ఉంది. అందుకే కదా రోజూ ఏడంతస్తులూ నిశ్చింతగా ఎక్కుతున్నాను!


సర్వీసు యార్డు,
బుధవారం.

చిరంజీవి పిచ్చుకకు,

ఇదే ఆఖరి ఉత్తరం కావచ్చు. నీ మీద కోపం లేదు. పై నుంచి చెప్పి ఉంటారు, నువ్వు మాత్రం ఏం చేస్తావు?

నిన్న మీ కంప్యూటరు పంపిన నోటీసు అందింది. స్పానర్ అందరి ముందూ పైకి చదివాడు. “పెద్దాయన: వాడకం బాగా తగ్గినది. అర్థం స్పష్టముగా లేదు. ఇదే పనికి కొత్తది అందుబాటులో ఉన్నది. నెలాఖరుతో విరమింపజేయడమైనది.”

యార్డులో నన్ను అందరూ పెద్దాయన అనే పిలుస్తారు. మీ ఆఫీసుకి ఆ సంగతి ఎలా తెలిసిందో! వాడకం తగ్గిందనడం నిజమే. మోకాళ్లు నొప్పులు, సైట్లకి వెళ్లడం మానేశాను. కాని ‘అర్థం స్పష్టముగా లేదు’ అన్న మాట మాత్రం ములుకులా గుచ్చుకుంది తల్లీ. మీ అత్తకి చూపిస్తే రెండుసార్లు చదివి, “అది నేను పెళ్లయిన ఏడాదే కనిపెట్టాను” అంది. ఆ వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

బీరువా తాళాలు, స్టాంపు, రిజిస్టర్లు స్పానర్‌కి అప్పగించాను. వాడు కళ్లు తుడుచుకుంటూ తీసుకున్నాడు. ఏడుపు నిజమే గాని, తాళాలు మాత్రం రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

ఇట్లు,
మాజీ కాబోతున్న నీ మావయ్య.

తా.క.: పోయే ముందు అబద్ధం మీద సంతకం పెట్టలేను. ‘చూశాం’ అంటే తనిఖీ కాదు. మనిషి వెళ్లాడు, లిఫ్టును చూశాడు, లిఫ్టు అతన్ని చూసింది, తిరిగొచ్చాడు. అంతే. మూత తియ్యలేదు, లిఫ్టును మోసే తాడు ముట్టుకోలేదు. టైము చాలక. విప్పి చూస్తే ‘చేశాం’ అని రాస్తాం. నేను చేరకముందు నుంచీ ఇదే పద్ధతి. మీరు మరోలా అనుకుంటున్నారని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు.

ఇంకో తా.క.: మీ ఆఫీసు లిఫ్టు ఎక్కకు.


హెడ్డాఫీసు, మెట్ల మీద,
గురువారం.

మావయ్యా,

నీ రెండు తా.క.లూ నేను ఎక్కడ చదివానో తెలుసా? లిఫ్టులో. నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య. ఐదులో తలుపు తెరుచుకోగానే దూకేశాను. ఇది మెట్ల మీద కూర్చుని, మోకాలి మీద పెట్టి రాస్తున్నాను. అక్షరాలు చూస్తున్నావుగా.

ముందు నీ సంగతి. ఆ నోటీసు నీ గురించి కాదు! మడత తలుపుల పాత మోడలు లిఫ్టుని నువ్వే ఒకప్పుడు రిజిస్టర్లో ‘పెద్దాయన’ అని రాసేవాడివి, మరిచిపోయినట్టున్నావు, ఆ మాటని పట్టికలోంచి తీసేస్తున్నాం. తాళాలు వెనక్కి తీసుకో.

ఇప్పుడు రెండోది. రెండొందల పద్నాలుగు లిఫ్టులు, మావయ్యా. జాబితా తీశాను. కంటాసుపత్రి ఉంది. ముసలివాళ్ల వసతిగృహం ఉంది. ఏ తాడు ఎలా ఉందో ఎవరికీ తెలియదు. ఈ సంగతి చెబితే రిజిస్టర్లో ఉన్న చేతిరాత నీది. చెప్పకపోతే ఏమవుతుందో ఊహించడానికే ధైర్యం చాలలేదు.

చెప్పేశాను. ఎండీ సారు గదిలోకి వెళ్లి, నీ ఉత్తరం బల్ల మీద పెట్టాను. ఆయన చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. చివరికి, “రేపు పొద్దున్నే నేను యార్డుకి వెళ్తున్నాను. ఆయన్ని ఎక్కడికీ వెళ్లొద్దని చెప్పు” అన్నాడు. గొంతులో ఏముందో నాకు అర్థం కాలేదు. నన్ను క్షమించు.

నీ
పిచ్చుక.

తా.క.: మాట ఎలా పొక్కిందో గాని ఆఫీసంతా మెట్లెక్కుతోంది. సేల్సు మేనేజరు రెండో అంతస్తులో కూలబడి, ఇవాళ్టికి తన సీటు అక్కడేనని ప్రకటించాడు.


సర్వీసు యార్డు,
శనివారం.

చిరంజీవి పిచ్చుకకు మావయ్య దీవెనలు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న పొద్దున ఏడింటికే సారు వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. మీ అత్త నా జేబులో మందుబిళ్లలు పెట్టి పంపింది. నన్ను చూడగానే ఆయన అడిగాడు, “చూశాం అంటే ఏమిటి?” ఉన్నదున్నట్టు చెప్పాను.

“అన్నిటికంటే పాత రిజిస్టరు తియ్యి” అన్నాడు. నేను చేరడానికి మూడేళ్ల ముందుది. అట్టడుగున దుమ్ము కొట్టుకుని ఉంది. ఆయనే నేల మీద చతికిలబడి, పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టాడు. అక్కడ ‘చూశాం’ అని ఉంది. నా చేతిరాత కాదు.

“ఇది నా చేతిరాత” అన్నాడు సారు.

చదువవ్వగానే వాళ్ల నాన్నగారు ఆర్నెల్లు పని నేర్చుకోమని ఇక్కడికి పంపారట. “ఒకరోజు పదకొండు లిఫ్టులు రాసిచ్చారు. ఏడు విప్పేసరికి సాయంత్రమైంది. మిగతావాటికి వెళ్లి తలుపు దగ్గర నిలబడి వచ్చాను. తనిఖీ చేశానంటే అబద్ధం. చెయ్యలేదంటే మా నాన్న ఊరుకోడు. ఆయనంటే నాకు చచ్చేంత భయం. అందుకని ఈ మాట పుట్టించాను. కుర్చీలోకి వెళ్లాక నేనే మరిచిపోయాను. కాగితాల మీద చూసినప్పుడల్లా తనిఖీ అనే అనుకున్నాను.”

ఆ మాటనే నా ముందున్న గుమాస్తా రాశాడు, అతన్ని చూసి నేను రాశాను. ముప్పై నాలుగేళ్లు! నన్ను తిడతాడనుకున్నవాడు నా ముందు తల దించుకుని కూర్చుంటే నాకు ఇంకా భయమేసింది.

విప్పేదాకా రెండొందల పద్నాలుగూ ఆపెయ్యమన్నాడు. మనుషులు చాల్లేదు. మోకాళ్ల సంగతి పక్కనపెట్టి నేనూ స్పానర్‌తో కంటాసుపత్రికి వెళ్లాను. లిఫ్టు ముందు ఒకామె, కళ్లకి కట్టుతో ఉన్న వాళ్లమ్మని పట్టుకుని నిలబడి ఉంది. నా చేతిలో సంచీ చూసి, “ఎక్కొచ్చా బాబాయ్?” అంది. రిజిస్టర్లో ఏ మాట రాసినా ఎవరూ నన్ను ఎదురుగా నిలబడి ఇలా అడగలేదు.

“వద్దమ్మా” అన్నాను. ఒక చెయ్యి ఆమె, ఒక చెయ్యి నేనూ పట్టుకుని ఆ పెద్దావిడని మూడంతస్తులూ నడిపించాం. పైన మిషను గదిలో మూత తీసి, స్పానర్ చెయ్యూపి నన్ను పిలిచాడు. తాడు పోగులు సగం తెగి, పాత చీపురులా విచ్చుకుని ఉన్నాయి. అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. వాడు నీళ్లు ఇచ్చాడు.

ఇంకా నూట తొంభై విప్పాలి. నా ఉద్యోగం గురించి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇట్లు,
నీ మావయ్య.

తా.క.: సారు కారెక్కుతూ, “ఆ అమ్మాయికి నువ్వు సొంత మేనమామవేనా?” అని అడిగాడు. అవునన్నాను. “నీ ఉత్తరం బల్ల మీద పెట్టలేక నా గదిలో అరగంట ఏడ్చింది” అన్నాడు. ఆ సంగతి నీ ఉత్తరంలో ఎక్కడా లేదేమే? పైగా ఆయన రుమాలు కూడా పట్టుకుపోయావట. ఉతికి ఇచ్చెయ్యి.