మొరం గుంటల్ల గునుగు

వరంగల్లు జిల్లా, సెప్టెంబర్ 1984

అత్తా, దండాలు. ఇక్కడ అందరం మంచిగున్నం. వదినె ఈ ఉత్తరం చదువుతుంటే మధ్యల లేచిపోకు, జర ఆఖరుదాక విను.

పోయిన ఏడు సద్దుల బతుకమ్మ నాడు నేను పసుపు గౌరమ్మను మాత్రమే చెరువుల వేసి, పువ్వులన్ని ఇంటికి తెచ్చి ఎండబెట్టిన. బతుకమ్మను నీళ్లకు పంపని ఇంట్ల అన్నం ముట్టనని నువ్వు అలిగి బిడ్డ దగ్గరికి కేసముద్రం పోయినవ్. నేను తప్పు చేసిన అని ఇప్పటికీ అనను. రోడ్డుకు ఎర్ర మొరం మట్టి తవ్వినంక మన గుట్ట కింది బీడుల ఒక్క పువ్వు మిగల్లేదు. ములుగు బస్సుల తెప్పించుకున్న ఆ గునుగు పువ్వును కూడ నీళ్లల్ల వేస్తే మళ్ల ఇత్తనం ఎక్కడిది?

ఎండకాలం మన వాడ ఆడోళ్లమంత కూలి లేకుండ చెరువు మట్టి మోసి మొరం గుంటలు పూడ్చినం. వానలు పడంగనే ఆ ఎండిన పువ్వుల ఇత్తనం చల్లినం. మహబూబ్‌బీ తన మేకలను ఆ దిక్కు తోలనే లేదు. సర్పంచి మాత్రం మీకు పనేం లేదా అని నవ్విండు.

నిన్న చూస్తె బీడంత తెల్లగున్నది అత్తా, నడుముల దాక గునుగు. సర్పంచి పెండ్లాం గంప పట్టుకొని వచ్చింది. మా అత్త రాకముందు ఎవ్వరు తెంపద్దని వాపస్ పంపిన.

సగం బీడు ఇత్తనానికే ఇడిచిపెడుతం. ఈసారి బతుకమ్మ పువ్వులతోసహ చెరువుకే పోతది. బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల నాడు మొదటి పువ్వు నువ్వే తెంపాలె. ముందురోజు పొద్దటి ప్యాసింజరుకు రా, నీకు కూడ కలిపి అన్నం వండుత.

నీ కోడలు