నోరు మూసుకుని చూసిన ఆట

ఒరేయ్ పొడుగోడా,

ఎదురుగా చెబితే ఏడుపొస్తుందని రాస్తున్నాను. మా వాడు పోయాక ఇవాళే మొదటిసారి నువ్వూ, వాడి మిగతా స్నేహితులూ మా ఇంటికి టెస్టు మ్యాచ్ చూడటానికి వచ్చారు. సంతోషం. మన బ్యాట్స్‌మెన్ ఎంత మర్యాదస్తులురా! ఒకడు వస్తుంటే ఇంకొకడు లేచి దారిచ్చాడు. మధ్యాహ్నానికే అందరూ అవుటై కూర్చున్నారు. ఆ తర్వాత అవతలివాళ్ళు సాయంత్రం దాకా చితక్కొట్టారు.

మీరేమో టీవీ గొంతు నొక్కేసి, పరామర్శకొచ్చిన చుట్టాల్లా చేతులు కట్టుకున్నారు. చేతిలో పడ్డ క్యాచ్ వదిలేసినవాణ్ణి చూసి నువ్వు "అయ్యో పాపం" అన్నావు. పాపమా! మా వాడైతే ఆ మనిషి ఏడు తరాలనీ పలకరించేవాడు. "ఒరేయ్, పక్కింటివాళ్ళు వింటార్రా" అని నేను వంటింట్లోంచి అరిచేదాన్ని. ఇవాళ నాకు అరిచే పనే లేకపోయింది.

గట్టిగా మాట్లాడితే నేను బాధపడతానని కదూ? మీ తెలివి తెల్లారినట్టే ఉంది. రేపూ ఆట ఉందట. మనవాళ్ళు ఎలాగూ బాగుపడరు. అందరూ రండి, సౌండు పెంచండి, నోరారా తిట్టండి. నిశ్శబ్దం ఈ ఇంట్లో కావలసినంత ఉంది, మీరు తేనక్కర్లేదు.

మీ పిన్ని