గోడ లోపలి చప్పుడు

అక్కకు నమస్కారాలు.

ఇక్కడ నేనూ నీ మరదలూ పిల్లలూ కులాసా. అక్కడ మీరంతా అలాగే ఉన్నారని తలుస్తాను.

నేను పనిచేసిన సినిమా చూడొచ్చా అని అడిగావు. తప్పకుండా చూడు. దెయ్యం ఉంది గానీ ముప్పాతిక సినిమా దాకా మొహం చూపించదు. అంతసేపూ ఒక పాత ఇల్లు, మంచం మీద ఒక ముసలాయన, ఆయన్ని చూసుకునే నర్సు. ఆమె గ్లాసు కడుగుతుంది, కిటికీ మూస్తుంది, కూర్చుంటుంది. బావ అరగంటలో గురక పెడతాడు, పెట్టనీ. నువ్వు మాత్రం మధ్యలో లేచి వంటింట్లోకి పోకు.

సంగీతం లేకుండా భయమెలా పుడుతుందన్నావు. ప్రతి గదికీ దాని నిశ్శబ్దం దానికి ఉంటుందక్కా. షూటింగ్ అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి, ఉత్త గదినే రికార్డు చేస్తాం. మా దర్శకురాలు దగ్గు ఆపుకోలేక రుమాలు నోట్లో కుక్కుకుంది. ఆ నిశ్శబ్దం మీద ఒక్కో చప్పుడూ నేను ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని పేర్చాను. గోడ లోపల ఎవరో గోళ్లతో గీకే చప్పుడు ఎడమవైపు, వినీ వినపడనట్టు పెట్టాను.

అసలు సంగతికి వస్తాను. మొదటి ఆటకు హాల్లో చివరి వరుసలో కూర్చున్నాను. తెర మీద నర్సు లైటు ఆర్పింది. నేను పెట్టిన ఆ గీకుడు గోడ కూలినంత చప్పుడైంది. హాలంతా ఉలిక్కిపడి ఎడమకు తిరిగింది. నేనొక్కణ్ణే కుడికి తిరిగాను.

బయటికొచ్చాక, "ఆ గోడ చప్పుడుకి ప్రాణం పోయిందండీ, ఎంత ధైర్యంగా పెట్టారు!" అని జనం నా చెయ్యి పట్టుకుని ఊపారు. ధైర్యమూ లేదు, పాడూ లేదు. నా ఎడమ చెవికి అందేదాకా పెంచుకుంటూ పోయాను, అంతే.

ఆ చెవి నరం దెబ్బతిందనీ, ఇక బాగుపడదనీ డాక్టరు చెప్పాడు. కుడిది ప్రస్తుతానికి బాగానే ఉందట. ఈ పని తప్ప నాకు ఇంకో పని చేతకాదని నీకు తెలుసు. భయంగా ఉందక్కా. అమ్మకు ఇప్పుడే చెప్పకు.

తర్వాతి సినిమా కూడా నాకే ఇస్తానని దర్శకురాలు నిన్న ఇంటికొచ్చింది. ఆమె కథ సగం చెప్పాక, చెవి సంగతి దాచడానికి మనసొప్పక, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె టీ కప్పు కింద పెట్టింది. తర్వాత లేచి, కుర్చీ నా కుడి పక్కకు జరుపుకుని, కథ మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

ఇట్లు,
నీ వెనకే పుట్టిన తమ్ముడు