గీత పడని పిస్టన్

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

స్కూటర్ నీ చేతిలో ఆగిపోయినందుకు ఇక దిగులు పెట్టుకోకు. పెట్రోల్‌లో ఆయిల్ కలపడం మరిచావని మీ అమ్మ ఇన్నాళ్లూ నిన్ను ఆడిపోసుకుంది కదా, ఇంజన్ నేనే విప్పి చూశాను. ఆయిల్ లేక పట్టేస్తే పిస్టన్ మీద గీతలు పడాలి. ఒక్క గీత లేదు. కనెక్టింగ్ రాడ్ కింది బేరింగ్ అరిగి చితికిపోయింది, దాని వయసు అది. లేత్ షాపులో క్రాంక్ విడదీయించి కొత్త రాడ్ వేయించాను. నిన్న మీ అమ్మను బజారుదాకా తిప్పాను. ఇంజన్‌లో టకటకా లేదు, వెనక సణుగుడూ లేదు.

ప్లగ్ స్పానర్ నీ పెట్టెలో వచ్చిందేమో చూడు. అల్లుడి దగ్గు తగ్గిందా? ఇద్దరూ చల్లగా ఉండండి. ఈసారి వస్తే బండి నువ్వే నడపాలన్నాను. "అమ్మాయి వెనక నేను కూర్చుంటాలెండి" అంది మీ అమ్మ.