తూములోని జిన్నులకున్న మర్యాద

అమ్మా,

హరీరా సూపు పొయ్యి మీదే ఉంది, కాస్త వేడి చేసుకుంటే చాలు. తమ్ముడి స్వెటర్ మిద్దె మీద ఆరేశాను, మంచు పడకముందే తియ్యి. నేను ట్యూషన్‌కి వెళ్తున్నా.

నిన్న మీ పుస్తకాల బృందం మనింట్లో కూర్చుని ఆ జిన్నుల నవలని చీల్చి చెండాడుతుంటే టీ పోసింది నేనే. ఆ కథలో హాస్టల్లో ముగ్గురు ఆడపిల్లలు జిన్ను పట్టి విలవిల్లాడుతుంటే బతూల్ పిన్ని ఏమంది? "రెండు తగిలిస్తే వదిలిపోయే రోగం! ఈ వయసు పిల్లలకి వేరే జిన్నెందుకు, వాళ్ళే జిన్నులు. అయినా ఈ కాలంలో జిన్నులేంటి, అంతా కట్టుకథ!" అంది. అందరూ పడీపడీ నవ్వారు. నువ్వూ నవ్వావు.

ఆ తర్వాత అదే పిన్ని వంటింట్లోకి వచ్చింది. కెటిల్లో మిగిలిన వేడినీళ్ళు సింకులో పొయ్యబోతూ ఆగి, "బిస్మిల్లా, తప్పుకోండి తల్లీ" అంది, తూములో ఉన్నవాళ్ళ ఒళ్ళు కాలకూడదని! కనబడని జిన్నులకి అంత మర్యాదా? మరి ట్రే పట్టుకుని పక్కనే నిలబడ్డ పదహారేళ్ళ పిల్ల ముందు అన్నేసి మాటలు గుమ్మరించేటప్పుడు, "తప్పుకో తల్లీ" అని ఒక్కరైనా అన్నారా?

నుహైలా

ఇంకోటి. ఆ నవల నేనూ చదివాను. ఆ పిల్లల గది తలుపు జిన్ను తడుతుంది, వార్డెన్ తడుతుంది, ఒక్క అమ్మ కూడా తట్టదు. ఇంటికొచ్చాక నేను తలుపేసుకుంటాను. నువ్వు తట్టు, తీస్తాను.