కొట్టేసిన కిలోమీటర్లు

అన్నయ్యా,

కారు తాళం ఫ్రిజ్ మీద పెట్టాను. ఈరోజు నాన్నను డయాలసిస్‌కి నువ్వే తీసుకెళ్ళు. నేను బస్సులో ఆఫీసుకి పోతున్నాను. ముందు సీటు బాగా వెనక్కి జరుపు, లేకపోతే ఆయన కాళ్ళు చాపుకోలేరు. దుప్పటి మర్చిపోకు, అక్కడి ఏసీకి వణికిపోతారు.

పెట్రోలు ఖర్చు చెరిసగం అన్నది నువ్వే. తీరా నెలంతా తిరిగిన దూరం రాసిస్తే సగానికి సగం కొట్టేశావు. నాన్న కార్లో లేని దూరం లెక్కలోకి రాదట! ఆయన్ని దింపి ఖాళీగా ఇంటికొస్తాను, మళ్ళీ ఖాళీగా వెళ్ళి తెచ్చుకుంటాను. ఆ ఖాళీ కారు గాలితో నడుస్తుందా? టైర్లు అరిగిన సంగతీ, సర్వీసు చేయించిన సంగతీ నేను ఎత్తనే లేదు. నేనడిగింది జీతం కాదు.

అన్నిటికంటే ఒళ్ళు మండింది తిరుగు ప్రయాణం దగ్గర నువ్వు రాసిన మాటకి. వెళ్ళిన దానికంటే వచ్చిన దూరం ఎక్కువుందని "షికార్లా?" అని రాశావు. వదినకి చూపించి నవ్వావు కూడానట. నవ్వుకో.

చెప్పడం మర్చిపోయాను. వచ్చేటప్పుడు వంతెన దాటగానే నాన్న నిద్రపోతారు. రాత్రంతా ఒళ్ళు దురదలతో కంటి మీద కునుకుండదు, ఆయనకి దక్కేది ఆ నిద్రొక్కటే. ఇంజను ఆపితే లేచిపోతారు. అందుకే మన గేటు దాకా వచ్చి కూడా ఆపకుండా వీధులన్నీ తిరుగుతుంటాను. నువ్వు మాత్రం తిన్నగా ఇంటికొచ్చి లేపెయ్యి. లెక్క సరిపోతుంది.